బరువు తగ్గించే శస్త్రచికిత్స (గోదావరి డెల్టా)

జీర్ణాశయాన్ని చిన్నది చేసి, లేదా ఆహారం చిన్నపేగులోకి వెళ్లే దారిని మళ్లించి, తీవ్రమైన స్థూలకాయాన్నీ దాంతోపాటు వచ్చే మధుమేహాన్నీ అదుపులోకి తెచ్చే ఆపరేషన్లను బేరియాట్రిక్ శస్త్రచికిత్సలంటారు. మన దేశంలో ఎక్కువగా చేసేవి మూడు: స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ, రూ-ఎన్-వై బైపాస్, మినీ బైపాస్. ఆపరేషన్ చేసే తీరు కన్నా దానికి ముందు సిద్ధపడటం, తర్వాత కోలుకోవడం గురించే ఈ వ్యాసంలో ఎక్కువగా ఉంటుంది. 2022 ఏప్రిల్ నాటి జిల్లాల విభజనకు ముందున్న తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలనే ఇక్కడ డెల్టా అంటున్నాం.

చర్మం కింది కొవ్వును గొట్టంతో లాగేసే లైపోసక్షన్ ఈ కోవలోకి రాదు. అది ఆకృతి కోసం చేసేది. ఆకలిని గానీ షుగర్‌ను గానీ మార్చదు. నటి ఆర్తి అగర్వాల్ 2015 జూన్ 6న అమెరికాలో మరణించినప్పుడు, కొన్ని వారాల ముందు ఆమె లైపోసక్షన్ చేయించుకున్నారని వార్తలొచ్చాయి. ఆ ఉదంతాన్ని బేరియాట్రిక్ ఆపరేషన్ల ఖాతాలో వేసి భయపడేవాళ్లు ఇప్పటికీ తగులుతుంటారు.

చరిత్ర

తొలి ఆపరేషన్ ఏది అన్నదానిపై ఏకాభిప్రాయం లేదు. స్వీడన్‌లో హెన్రిక్సన్ 1952లో పేగు భాగాన్ని తొలగించారని, అమెరికాలో వార్కో 1953లో పేగు బైపాస్ చేశారని కొందరు రాస్తారు. ఎక్కువ గ్రంథాలు 1954లో క్రెమెన్, లిన్నర్ బృందం ప్రచురించిన పత్రం నుంచే లెక్క మొదలుపెడతాయి. ఆ పాత పేగు బైపాస్ బరువును బాగానే తగ్గించింది గానీ కాలేయాన్ని, కీళ్లను దెబ్బతీసి, పోషకాలను హరించి, చివరికి మూలన పడింది. అయోవాలో ఎడ్వర్డ్ మేసన్, ఇటో 1966లో చేసిన జీర్ణాశయ బైపాస్ నేటి పద్ధతులకు పునాది. 1990ల్లో లాపరోస్కోపీ రావడంతో కడుపు కోయకుండా చిన్న రంధ్రాలతోనే పని జరుగుతోంది. దీర్ఘకాలిక ఫలితాలకు ప్రధాన ఆధారం 1987లో మొదలైన స్వీడన్ అధ్యయనం. ఆపరేషన్ చేయించుకున్న 2,010 మందిని, చేయించుకోని 2,037 మందితో పోల్చి చూస్తే మొదటివారిలో మరణాలు తక్కువని 2007లో తేలింది.

డెల్టా నేపథ్యం

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక ఈ నేలకు అన్నం కొరత లేదు. ఆ అన్నం తినే ఒళ్లు ఏమవుతోందో లెక్కలతో చూపింది ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య కార్యక్రమం. బైర్రాజు ఫౌండేషన్, హైదరాబాద్ కేర్ ఫౌండేషన్, ఆస్ట్రేలియాకు చెందిన జార్జ్ ఇన్‌స్టిట్యూట్ కలిసి ఉభయ గోదావరి పల్లెల్లోనే ఈ అధ్యయనం చేశాయి. 2003-04లో 45 గ్రామాల మరణాలను పరిశీలిస్తే సుమారు మూడో వంతు గుండె, రక్తనాళాల జబ్బులవే. అంటువ్యాధుల వాటా అందులో సగం కూడా లేదు. 2005లో 20 గ్రామాల్లో 30 ఏళ్లు దాటిన 4,535 మందిని పరీక్షిస్తే 13 శాతం మందికి మధుమేహం ఉంది. వారిలో సగం మందికి ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. పట్నవాసపు జబ్బు అనుకున్నది వరిచేల మధ్యే ఉందన్నమాట.

కారణం మీద వాదనలు రెండు. తెల్ల అన్నమే మూలమన్నది ఒకటి. కోత, నూర్పిడి యంత్రాలకు పోయి, సైకిల్ మోటారు సైకిలై, ఒంటి శ్రమ తగ్గడమే మూలమన్నది రెండోది. తాతలూ అన్నమే తిన్నారు, ఇంకా ఎక్కువే తిన్నారు; కాబట్టి రెండో వాదనకే బలం ఎక్కువనిపిస్తుంది. నూనె, పంచదారల వాడకం పెరగడాన్ని దానికి జతచేయాలి.

అర్హత

భారతీయులకు తక్కువ బరువులోనే షుగర్, బీపీ వస్తాయి గనుక 2009 నాటి జాతీయ ఏకాభిప్రాయ పత్రం ఆపరేషన్ గీతను కిందికి దించింది: జబ్బులుంటే బీఎంఐ 32.5, లేకపోతే 37.5. ఐదడుగుల ఐదంగుళాల మనిషికి అది సుమారు 89 కిలోలు, 102 కిలోలు. బీమా నియంత్రణ సంస్థ 2019లో ప్రామాణీకరించిన నిబంధన మాత్రం పాత గీత దగ్గరే ఆగింది: 18 ఏళ్లు నిండి, బీఎంఐ 40, లేదా తీవ్రమైన అనుబంధ జబ్బులతో 35 ఉండాలి; మిగతా మార్గాలు విఫలమై ఉండాలి. అంటే అదే ఎత్తుండి షుగర్ అదుపులో లేని 90 కిలోల మనిషికి సర్జన్ సరేనన్నా బీమా కంపెనీ కాదనవచ్చు. ముందస్తు అనుమతి కాగితం చేతికి రాకుండా ఆసుపత్రిలో చేరడం మంచిది కాదు.

సన్నద్ధత

సాధారణంగా నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. థైరాయిడ్, మూడు నెలల షుగర్ సగటు, బి12, విటమిన్ డి, ఇనుము, పిత్తాశయంలో రాళ్లకు స్కానింగ్, ఎండోస్కోపీ, గురక ఎక్కువగా ఉంటే నిద్ర పరీక్ష చేయిస్తారు. బరువును బట్టి చాలామంది ఒంట్లో పోషకాలు పుష్కలంగా ఉంటాయనుకుంటారు. నిజానికి ఆపరేషన్‌కు ముందే విటమిన్ డి, ఇనుము తక్కువగా తేలడం మామూలే. ఆ లోటు పూడ్చాకే బల్ల ఎక్కించాలి. మానసిక నిపుణుడితో మాట్లాడించేది పిచ్చి ఉందేమోనని కాదు. దిగులు వచ్చినప్పుడు తిండి మీద పడే అలవాటు ఉందా, మద్యం సంగతేమిటి అని తెలుసుకోవడానికి.

చివరి రెండు వారాలు రోజుకు 800 కేలరీలకు అటూ ఇటుగా, మాంసకృత్తులు ఎక్కువగా, పిండిపదార్థాలు తక్కువగా ఉండే పథ్యం పెడతారు. బరువు తగ్గించడం దీని ముఖ్యోద్దేశం కాదు. కొవ్వు పట్టి ఉబ్బిన కాలేయం ఎడమ తమ్మె జీర్ణాశయం మీద కప్పుకుని ఉంటుంది. ఈ పథ్యంతో అది కుదించుకుపోయి సర్జన్‌కు దారి ఇస్తుంది. ‘ఎలాగూ తర్వాత తినలేం కదా’ అని ఆఖరి వారం విందులు చేసుకునేవారి కాలేయం లోపల కెమెరా పెట్టగానే ఆ సంగతి చెప్పేస్తుంది.

చుట్టా, సిగరెట్టూ కనీసం ఆరు వారాల ముందు మానాలి. గ్లిఫ్లోజిన్ రకం షుగర్ మాత్రలను మూడు, నాలుగు రోజుల ముందు ఆపుతారు; పథ్యం మీద ఉండి అవి వేసుకుంటే, షుగర్ అంకె మామూలుగానే ఉన్నా రక్తం ఆమ్లమయమయ్యే ప్రమాదం ఉంది. సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్లు వాడుతుంటే మత్తు డాక్టరుకు తప్పక చెప్పాలి. వాటివల్ల కడుపు ఖాళీ కావడం ఆలస్యమై, మత్తులో ఊపిరితిత్తుల్లోకి ఆహారం పోవచ్చు.

ఆపరేషన్, తొలి రోజులు

స్లీవ్‌లో జీర్ణాశయం ముప్పాతిక భాగానికి పైగా తీసేసి గొట్టంలా మిగులుస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోను ఎక్కువగా ఊరే భాగమూ దాంతో పోతుంది. బైపాస్‌లో సుమారు 30 మిల్లీలీటర్ల చిన్న సంచి చేసి పేగుకు కలుపుతారు.

ఆ సాయంత్రమే నడిపిస్తారు. కాలి సిరల్లో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరడం తొలి వారాల్లో పెద్ద భయం. మూడు బంతుల స్పైరోమీటర్‌తో ఊపిరి పీల్చడమూ నడకంత ముఖ్యమే. రెండు, మూడు రోజుల్లో డిశ్చార్జి చేస్తారు. హైదరాబాద్‌లో చేయించుకున్నవారు గౌతమి ఎక్స్‌ప్రెస్‌లోనో గోదావరి ఎక్స్‌ప్రెస్‌లోనో రాత్రంతా బెర్తు మీద కదలకుండా రావడం సరికాదు. రైలైనా కారైనా రెండు గంటలకోసారి లేచి నాలుగడుగులు వేయాలి. డాక్టరు రాస్తే రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఇంజెక్షన్ ఇంటి దగ్గర కూడా కొనసాగించాలి.

కుట్ల దగ్గర లీకైతే కడుపునొప్పి కన్నా ముందు నాడి వేగం పెరగవచ్చు. విశ్రాంతిలో నాడి 120 దాటడం, జ్వరం, ఎడమ భుజంలో నొప్పి, ఆయాసం: వీటిలో ఏది కనిపించినా గ్యాస్ అనుకుని సోడా తాగకుండా ఆపరేషన్ చేసిన బృందానికి ఫోన్ చేయాలి.

షుగర్ అంకెలు బరువు తగ్గకముందే, కొన్ని రోజుల్లోనే పడిపోతాయి. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ మోతాదులు పాతవే కొనసాగిస్తే కళ్లు తిరిగి పడిపోతారు. రోహిణి కార్తె ఎండల్లో బీపీకి వాడే నీటి మాత్రలతోనూ ఇదే ఇబ్బంది. తొలి నెలల్లో రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్ల ద్రవాలు గుక్క గుక్కగా పోవాలి. గ్లాసెత్తి గటగటా తాగడం ఇక కుదరదు.

తిండి

మొదటి ఒకటి రెండు రోజులు నీళ్లు, పలుచని మజ్జిగ తేట, వడగట్టిన సూపు. రెండు వారాల వరకు చిక్కని ద్రవాలు, నాలుగో వారం దాకా గుజ్జు, తర్వాత మెత్తని పదార్థాలు, ఆరు నుంచి ఎనిమిది వారాలకు మామూలు తిండి. ఆసుపత్రిని బట్టి ఈ గడువులు కొంత అటూ ఇటూ మారతాయి.

రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు అందాలి. ఇళ్లలో పొరపాటు జరిగేది ఇక్కడే. బలమని పప్పు కట్టు, గంజి, కొబ్బరినీళ్లు మార్చి మార్చి పోస్తారు. వాటితో దాహం తీరుతుంది గానీ మాంసకృత్తులు దాదాపు అందవు. ఒక గుడ్డులో ఉండేది ఆరు గ్రాములు, వంద గ్రాముల చేపలోనో రొయ్యల్లోనో ఇరవై వరకు. తణుకు, అనపర్తి గుడ్లు, భీమవరం రొయ్యలు వాకిట్లో దొరికే ప్రాంతంలో ఈ లెక్క కుదరడం కష్టమేమీ కాదు. శాకాహారులకు చిక్కటి పెరుగు, పనీరు, మెత్తగా ఉడికించిన మీల్ మేకర్, తొలి వారాల్లో ప్రోటీన్ పౌడరు. పులస మీద మమకారం ఉన్నవారు ఆ ఏడాదికి దాన్ని వదులుకోక తప్పదు. దాని ముళ్లతో ఆరోగ్యవంతులకే తంటా.

విస్తట్లో వరస కూడా మారుతుంది. గుడ్డో చేపో పప్పో ముందు, కూర తర్వాత, అన్నం చివర, అది కూడా చోటు మిగిలితే. తినేటప్పుడు నీళ్లు తాగకూడదు. ముందూ వెనకా అరగంట ఎడం ఉండాలి. బైపాస్ అయినవారు కాజా, పూతరేకులు తింటే పావుగంటలో చెమటలు, గుండెదడ, విరేచనాలు రావచ్చు. దీన్ని డంపింగ్ అంటారు. కాబోయే అల్లుడికి 365 రకాలు వడ్డించిన నరసాపురం కుటుంబం 2022 సంక్రాంతికి దేశమంతటా వార్తలకెక్కింది. అలాంటి మర్యాదలున్న చోట ‘రెండు ముద్దలు చాలు’ అన్న మాటను నొచ్చుకోకుండా వినడం ఇంట్లోవాళ్లు కూడా నేర్చుకోవాల్సి ఉంటుంది.

థయామిన్ లోటు

ఈ ప్రాంతానికి థయామిన్ లోటు, దానివల్ల వచ్చే బెరిబెరి కొత్త కాదు. 19వ శతాబ్దంలో ఉత్తర సర్కారుల్లోని సిపాయిలను, ఖైదీలను పీడించిన బెరిబెరి మీద జాన్ మాల్కంసన్ 1835లో మద్రాసులో ఒక గ్రంథమే ప్రచురించాడు. కూనూరు పరిశోధనశాలలో మెకారిసన్, నారిస్ 1924లో బియ్యానికీ ఈ జబ్బుకూ ఉన్న సంబంధాన్ని పరిశీలించారు. కారణంపై అప్పట్లో భేదాభిప్రాయాలుండేవి. చివరికి నిలిచిన వివరణ ఇది: తమిళ జిల్లాలవారు తినే ఉప్పుడు బియ్యంలో థయామిన్ (విటమిన్ బి1) గింజలోకి ఇంకి నిలుస్తుంది, సర్కారు జిల్లాల పచ్చి బియ్యాన్ని మరపట్టి తెల్లగా చేస్తే తవుడుతో పాటు పోతుంది. ఆ పరిశోధనశాలే 1958లో హైదరాబాద్‌కు మారి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది.

పాత రోజుల బెరిబెరి కడుపు నిండా అన్నం తిన్నవారికే వచ్చింది. బేరియాట్రిక్ తర్వాత అదే లోటు వాంతుల దారిలో రావచ్చు. ఒంట్లో థయామిన్ నిల్వ రెండు, మూడు వారాలకు మించి ఉండదు. ఆపరేషన్ అయిన కొన్ని వారాలకు వాంతులు పట్టుకుని తగ్గకపోతే నిల్వ ఖాళీ అవుతుంది. చూపు తడబడటం, నడకలో తూలడం, మాటల్లో పొంతన తప్పడం మొదలవుతాయి. దీన్ని వెర్నికీ వ్యాధి అంటారు. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి తిరిగి రాకపోవచ్చు.

పల్లెలో వాంతులు అనగానే ఆర్‌ఎంపీ వచ్చి మంచం పక్కన గ్లూకోజ్ సీసా వేలాడదీస్తాడు. నీరసం పోవడానికి అందరికీ తెలిసిన మందు అదే. థయామిన్ లేని ఒంట్లోకి గ్లూకోజ్ ఎక్కితే దాన్ని అరిగించడానికి మిగిలిన కాస్త థయామిన్ కూడా ఖర్చయి, మెదడు జబ్బు గంటల్లో ముదరవచ్చు. ముందు బి1 ఇంజెక్షన్, ఆ తర్వాతే గ్లూకోజ్ అన్నది నియమం. డిశ్చార్జి కాగితం మీద ఈ ఒక్క వాక్యం తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించుకోవడం, కాపీ ఒకటి ఊళ్లో సూది వేసే మనిషికి ఇవ్వడం మేలు. అదే మనిషి మోకాళ్ల నొప్పులకు పొడిచే డైక్లోఫెనాక్ కూడా వద్దని అందులోనే చేర్చాలి. బైపాస్ అతుకు దగ్గర పుండు పడటానికి పొగతో పాటు ఆ రకం మందులూ కారణం.

ఫోలిక్ ఆమ్లం, బి12

జీవితాంతం వాడాల్సిన మాత్రల్లో ఫోలిక్ ఆమ్లం ఒకటి. దాన్ని 1945లో లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు యల్లాప్రగడ సుబ్బారావు, 1895 జనవరి 12న భీమవరంలో పుట్టినవాడు. పేగుల్లో పోషకాలు ఒంటబట్టనివ్వని స్ప్రూ జబ్బు ఆయన సోదరుడి ప్రాణం తీసిందని జీవితచరిత్రలు చెబుతాయి. ఇద్దరు సోదరులు ఎనిమిది రోజుల తేడాతో పోయారన్న కథనమూ ప్రచారంలో ఉంది. ఫోలిక్ ఆమ్లం ఒక్కటే వాడితే రక్తహీనత కనబడకుండా పోతుంది గానీ, బి12 లోటు వల్ల నరాలు దెబ్బతినడం ఆగదు. అందుకే బి12 మాత్ర రోజూ గానీ ఇంజెక్షన్ నెలకోసారి గానీ తప్పనిసరి. ఇనుము, కాల్షియం మాత్రల మధ్య కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి. కాల్షియంలో సిట్రేట్ రకం మేలు. మందుల షాపుల్లో చేతికందే కార్బొనేట్ కరగడానికి కావలసిన ఆమ్లం ఇప్పుడు కడుపులో అంతగా ఊరదు.

తర్వాతి కాలం

మూడు నుంచి ఆరు నెలల మధ్య జుట్టు రాలడం చాలామందిలో కనిపిస్తుంది; పోషణ సరిగా ఉంటే తిరిగి వస్తుంది. బరువు వేగంగా తగ్గేటప్పుడు పిత్తాశయంలో రాళ్లు ఏర్పడకుండా ఆరు నెలలు ఉర్సోడియాక్సీకోలిక్ ఆమ్లం ఇస్తారు. మహిళలు ఏడాది, ఏడాదిన్నర వరకు గర్భం రాకుండా చూసుకోవాలి. బరువు తగ్గాక నెలసరి గాడిలో పడి, అంతవరకు పిల్లలు లేనివారు అనుకోకుండా గర్భవతులవడం ఉంది. కార్తిక ఉపవాసాలు, ఒంటిపూట భోజనపు దీక్షలు తొలి ఏడాది పెట్టుకోకపోవడం మంచిది. కల్లయినా విదేశీ మద్యమైనా బైపాస్ తర్వాత త్వరగా తలకెక్కుతుంది, అలవాటుగానూ త్వరగా ముదురుతుంది.

రెండేళ్ల తర్వాత కొంత బరువు తిరిగి రావడం సహజం. అంతా తిరిగి వస్తే సంచి సాగిందా, చిరుతిళ్లు పెరిగాయా అని చూసి, మందులు చేర్చడమో రెండో ఆపరేషనో ఆలోచిస్తారు. టిర్జెపటైడ్ 2025 మార్చిలో, బరువు కోసం వాడే సెమాగ్లుటైడ్ అదే ఏడాది జూన్‌లో భారత మార్కెట్‌లోకి వచ్చాక, ఆపరేషన్‌కు బదులుగా వాటిని అడిగేవారున్నారు. మందు ఆపితే బరువు చాలావరకు తిరిగి వస్తుందని పరీక్షల్లో తేలింది. ఎన్నేళ్లు వాడాలన్నది ఇంకా చర్చలోనే ఉంది.