కొట్టాక కర్ర ఎక్కడ పెట్టావ్?

"కర్ర అడ్డంగా పెట్టరా!"

బాపట్ల జిల్లా వేటపాలెం మండలంలోని రామాపురం అనగానే ఇవాళ అందరికీ సముద్రపు ఒడ్డే గుర్తొస్తుంది. ఆ మెత్తటి ఇసుకలో మాత్రం, గుంట మీద పెట్టిన చిన్న బిళ్ళను కర్రతో చిమ్మే బిళ్ళంగోడు ఆట సాగదు. బిళ్ళ ఎగరాలంటే గట్టి నేల కావాలి. తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల ఊళ్లలో అలాంటి నేల వెతుక్కుని ఆడి పెరిగినవాళ్లకు పై కేక ఇప్పటికీ చెవిలో మోగుతూనే ఉంటుంది. బిళ్ళను చిమ్మినవాడు చేతిలోని కర్రను గుంట మీద అడ్డంగా పెట్టి పక్కకు తప్పుకోవాలి. బిళ్ళ పడిన చోటు నుంచి అవతలివాడు దాన్ని కర్రకు గురిపెట్టి విసురుతాడు. తగిలిందా, కొట్టినవాడి ఆట అయిపోయినట్టే.

కొట్టాక కర్ర ఎక్కడుంది అన్న ఈ ప్రశ్నే సముద్రాల అవతల పుట్టిన మరో ఆటలోనూ ఎదురైంది. ఆ ఆట సాఫ్ట్‌బాల్.

బాక్సింగ్ గ్లవ్‌తో మొదలు

1887 నవంబరులో థ్యాంక్స్‌గివింగ్ పండగ రోజు. షికాగోలోని ఫారగట్ బోట్ క్లబ్‌లో కొందరు యువకులు హార్వర్డ్, యేల్ విశ్వవిద్యాలయాల ఫుట్‌బాల్ పోటీ ఫలితం కోసం ఎదురుచూస్తున్నారు. ఫలితం తెలిసిన ఉత్సాహంలో ఒకరు బాక్సింగ్ గ్లవ్ విసిరితే, మరొకరు దాన్ని కర్రతో కొట్టారు. అక్కడే ఉన్న జార్జ్ హాంకాక్ ఆ గ్లవ్‌నే బంతిలా కట్టి, నేల మీద సుద్దతో గీతలు గీసి ఆట మొదలుపెట్టాడు. చాలా ఏళ్లకు, 1926లో, వాల్టర్ హకాన్సన్ దానికి సాఫ్ట్‌బాల్ అనే పేరు సూచించాడు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఈ ఆటకు మహిళల విభాగంగా చోటు దక్కింది. మన దేశంలో సాఫ్ట్‌బాల్ సంఘం 1961లో ఏర్పడింది. ఇప్పుడు మన బడిపిల్లల పోటీల్లోనూ ఈ ఆట ఉంది.

ఈ ఆటలో బంట్ అనే ఒడుపు ఉంది. బ్యాటర్ బ్యాట్‌ను ఊపడు. రెండు చేతులతో అడ్డంగా పట్టుకుని బంతిని దానికి తగలనిస్తాడు. వేగం చచ్చిన బంతి కాళ్ల ముందే నెమ్మదిగా దొర్లుతుంది. ఫీల్డర్ పరుగున వచ్చి దాన్ని అందుకునేలోగా బ్యాటర్ 60 అడుగుల దూరంలోని మొదటి బేస్‌కు చేరాలి. ఆ తొందరలో బ్యాట్ వదిలేస్తాడు. చిక్కంతా అక్కడే. బ్యాట్ పడేదీ బంతి దొర్లేదీ దాదాపు ఒకే చోట.

అప్పుడు అంపైర్ చూసేది ఒక్కటే: బ్యాట్ వెళ్లి బంతిని తాకిందా, బంతి వచ్చి బ్యాట్‌ను తాకిందా? వదిలిన బ్యాట్ ఫెయిర్ హద్దులో, అంటే ఆట గీతల లోపల, ఉన్న బంతిని రెండోసారి కొడితే బ్యాటర్ అవుట్. ఆట అక్కడే ఆగుతుంది, పరిగెత్తేవాళ్లు వెనక్కి రావాలి. అదే బ్యాట్ నేల మీద కదలకుండా పడి ఉండి, బంతే దొర్లుకుంటూ వచ్చి తగిలితే, బ్యాటర్ కావాలని అడ్డు పెట్టలేదని అంపైర్ నమ్మితే, ఆట సాగుతుంది. రెండు స్ట్రైకులు అయ్యాక బంట్ చేసిన బంతి ఆ గీతల బయటికి, ఫౌల్‌గా పోయినా అవుటే. బంతిని నెమ్మదిగా విసిరే స్లో పిచ్ రకంలో బంట్ చేయనే కూడదు.

అంపైర్ అక్కర్లేని నిబంధన

ఇప్పుడు మళ్లీ మన గుంట దగ్గరికి వద్దాం. బిళ్ళంగోడులో మొదటి దెబ్బ కూడా బలం చూపేది కాదు. గుంట మీద పెట్టిన బిళ్ళను కర్ర కొసతో ఒడుపుగా చిమ్మాలి. ఎవరికీ చిక్కకుండా పడాలి. ఆ తర్వాత కర్ర కింద పెట్టాలి. ఇక్కడిదాకా బంట్‌కు దగ్గర చుట్టమే. తేడా ఆ తర్వాత వస్తుంది. సాఫ్ట్‌బాల్‌లో కింద పడిన బ్యాట్ గురించి తీర్పు చెప్పడానికి అంపైర్ కన్ను కావాలి, ఆటగాడి మనసులో ఏముందో అంచనా వేయాలి. బిళ్ళంగోడులో కర్ర ఎక్కడ, ఎలా ఉండాలో ముందే నిర్ణయమైపోయింది. నిలువుగా పెట్టి గురిని తప్పించే వీలు లేకుండా అడ్డంగా పెట్టాలన్నారు. తగిలితే చప్పుడు అందరికీ వినిపిస్తుంది. ఇక అంపైర్‌తో పనేముంది? ఏ పుస్తకమూ చదవని పిల్లలు తరతరాలుగా ఇంత పదునైన న్యాయాన్ని కాపాడుకొచ్చారు. ఊరికో తీరు ఉన్నా, తెలంగాణలో చిర్రగోనె అని పిలిచినా, ఆట ప్రాణం ఒక్కటే.

ఈ ఆట మన మాటను కూడా దాచిపెట్టింది. మహారాష్ట్రలో దీన్ని విటీ దాండూ అంటారు. అక్కడి పిల్లలు ఆటలో లెక్క చెప్పేటప్పుడు ఏక్, దోన్ అనకుండా 'వకట్, లేండ్, మూండ్, నాల్' అనేవారు. మన ఒకటి, రెండు, మూడు, నాలుగు అందులో స్పష్టంగా వినిపించడం లేదూ! మరాఠీ మాటల వెనుక ఉన్న తెలుగు, కన్నడ పోలికల గురించి చెప్పేటప్పుడు పండితులు ఈ లెక్కను చూపిస్తారు. రాజ్యాలు మారాయి, సరిహద్దులు మారాయి. పిల్లల నోట ఆ అంకెలు మాత్రం నిలిచాయి.

అయితే సాఫ్ట్‌బాల్ నిబంధన అచ్చులో ఉంది, ఏ దేశంలోనైనా తెరిచి చూసుకోవచ్చు. మన నిబంధన పెద్దవాళ్ల జ్ఞాపకంలోనే ఉంది. రామాపురానికి దగ్గర్లోనే, వేటపాలెంలో, 1918లో మొదలైన సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది. గాంధీజీ విరిగిన చేతికర్రను అక్కడ భద్రంగా దాచారు. ఒక కర్ర విలువ తెలిసిన నేల ఇది. ఈ సెలవుల్లో మీ ఇంట్లోని తాతయ్యను కూర్చోబెట్టి, మీ ఊళ్లో కర్ర ఎలా పెట్టేవారో, లెక్క ఎలా చెప్పేవారో అడగండి. విన్నది విన్నట్టు ఒక కాగితం మీద రాసి పెట్టండి. తర్వాత ఆ కాగితాన్ని మీ పిల్లల చేతిలో పెట్టి, ఒక కర్ర, ఒక బిళ్ళ చెక్కి ఇవ్వండి.