స్క్రూ మీది గీత

మంటల ఇంకో రెండు పుల్లలెయ్యి పిలగా, చలి బాగ పెడ్తున్నది. ఐటీఐల వైరింగ్ నేర్సుకుంటున్నవని మీ అమ్మ చెప్పింది. సంతోషం. ఇప్పుడంతా గోడలోపటి పైపులాయె. గాడి కొట్టుడు, పైపు పెట్టుడు, సిమెంటు రుద్దుడు. లోపట తీగెలు ఎట్ల చిక్కువడ్డా ఎవ్వలికి కనవడది. మా కాలంల పనంత గోడ మీదనే ఉండె. జరంత వంకర వోతే ఇంటికొచ్చిన చుట్టపోళ్లందరు చూసేది.

నిజాం కాలంల, 1920లనే, హుస్సేన్‌సాగర్ ఒడ్డున కరెంటు తయారుజేసే కేంద్రం పెట్టిండ్రు. పట్నంల బల్బులు వెలుగుతుంటే మన పల్లెలల్ల ఇంక కందీళ్లే. 1959ల రాష్ట్రానికి కరెంటు బోర్డు వచ్చినంక, మెల్లమెల్లగ ఊర్ల పొంట స్తంభాలు లేసినయి. ఊరికి కరెంటు వస్తున్నదంటే వైరింగ్ చేసేటోళ్లకు చేతినిండ పని. గట్లనే నేను ఒక ఉస్తాదు కింద చేరిన.

ఆయన నాకు మొదట్ల తీగె ముట్టనియ్యలే. గట్టీలు చెక్కమన్నడు. గట్టీ అంటే గోడల పాతే చెక్క ముక్క, రెండంగుళాల పొడుగుంటది. ఒక కొస వెడల్పు, ఒక కొస సన్నం. మొల లెక్క సన్నకొస లోపటికి పోవాలె గద అనుకుంటవు. కాదు, వెడల్పు కొసనే లోపటికి పెట్టాలె. చుట్టు సిమెంటు వోసి ఆరనిచ్చినంక దాన్ని బయటికి గుంజుడు ఎవ్వలి తరం గాదు. రెండున్నర అడుగులకు ఒకటి చొప్పున గట్టీలు పడ్డంకనే తీగెలు పరిచే టేకు పట్టీ గోడకెక్కేది.

అంతకు ముందుగాల సుద్ద దారం. ఇద్దరం రెండు కొసలు పట్టి గుంజి, నడుమ లేపి ఇడిస్తే గోడ మీద గీత పడ్తది. నిలువు గీతకైతే గుండు దారం యాలాడదీసేది. పాత మట్టిగోడలు ఎన్నడన్న తిన్నగుంటయా? గోడ ఎటన్న వోనీ, పట్టీ మాత్రం గుండు చెప్పిన మాటనే ఇనాలె.

పట్టీ మీద క్లిప్పులు కిందనే కొట్టుకునేటోళ్లం. అడ్డం పట్టీకి నాలుగంగుళాలకొకటి, నిలువు పట్టీకి ఆరంగుళాలకొకటి. తీగె చుట్టను పక్కకెళ్లి గుంజితే మెలికలు వడ్తయి, దొర్లించుకుంట ఇప్పాలె. తీగెను పాతగుడ్డతోటి పట్టి, బొటనవేలు ఒత్తి, ఆ కొస నుంచి ఈ కొస దాంక సాపు చేయాలె. ఒక తీగె మీద ఇంకోటి ఎక్కకుండ పక్కపక్కన పరిచి, క్లిప్పు తోకను కంతల దూర్చి ఎనుకకు మడిచి, చిన్న సుత్తెతోటి మెల్లగ తట్టాలె. నడుమ యాడ గూడ అతుకు ఉండొద్దు. స్విచ్చు నుంచి స్విచ్చుకు, హోల్డర్ నుంచి హోల్డర్‌కు తీగె నేరుగ పోవాలె.

ఆఖరికి బోర్డు బిగించినంక ఉస్తాదు స్క్రూల తలల మీది గీతలన్నీ ఒక్క తీరుగ నిలువుగ నిలవెట్టేటోడు. ఒక ఇంటాయన, "గీతలకు గింతసేపా?" అని నవ్విండు. "రేపు ఏ స్క్రూ వదులైనా దూరంకెళ్లే తెలుస్తది సాబ్, గీత వంకర అయితది" అన్నడు ఉస్తాదు.

ఒక ఊర్ల వేరేటోళ్లు చేసిన ఇల్లుండె. స్విచ్చు బందు వెట్టి బల్బు మార్చవోతే షాకు కొట్టిందని ఉస్తాదుకు కబురొచ్చింది. పోయి చూస్తే, ఫేజు సీదా హోల్డర్‌కు పోయింది, స్విచ్చుకు న్యూట్రల్ కట్టిండ్రు. బందు వెడితే బల్బు ఆరుతది, హోల్డర్‌ల కరెంటు అట్లనే ఉంటది. బోర్డు ఇప్పితే తీగెలన్నీ ఒక్కటే రంగు, ఏది యాడికి పోయిందో పట్టిక లేదు. తప్పు దొరకవట్టడానికే పొద్దుగూకింది. ఉస్తాదు చేసిన ఇండ్లల్ల ఎర్ర తీగె చూస్తే ఫేజు, నల్లది చూస్తే న్యూట్రల్. రాత్రిపూట టార్చిలైటు పట్టుకొని వచ్చినోడైనా గుర్తువట్టొచ్చు.

గోడ మీదిది నలుగురు చూస్తరని చేసిండు అంటవా? ఎర్తు గుంత కాడ చూడాలె ఆయన్ని. పైపు నిలవెట్టి, చుట్టు బొగ్గొక వరుస, ఉప్పొక వరుస. బొగ్గు తేమ పట్టి ఉంచుతది, ఉప్పు కరెంటు భూమిలకు దిగేతందుకు తొవ్వ ఇస్తది. పైన నీళ్లు వోసేతందుకు గరాటు. పైపుకు తీగె బిగించే కాడ తుప్పు గీకి, నట్టు బిగించి, గుంజి చూసి, మళ్ల బిగించేటోడు. ఆ మీద మట్టి కప్పితే ఇగ ఎవ్వలికి కనవడది. కనవడే పట్టీ కన్న ఆ గుంత కాడనే ఆయనకు ఎక్కువ సేపు పట్టేది. అంత అయినంక, తీగెల తొడుగుల నుంచి కరెంటు కారుతదా అని చూసే మెగ్గర్ తిప్పి, ముల్లు ఒక మెగోమ్ అన్న చూపిస్తేనే మెయిన్ ఏసేటోడు.

గందుకే చెప్తున్న పిలగా, పైపులోపట ఎవడు చూస్తడు అని రేపు నీ పక్కోడంటే ఇనకు. బోర్డుల జానెడు తీగె మిగిలియ్యి. రంగులు కలపకు. ఫేజు స్విచ్చుకే కట్టు. ఆకువచ్చ ఎర్తు తీగె ఉత్తగ యాలాడనియ్యకు. ఎన్నేండ్లకో రిపేరుకొచ్చి ఆ పెట్టె ఇప్పేటోడు నీ ముఖం ఎరుగడు. నువ్వు కట్టిన తీరును నమ్మే లోపట చెయ్యి వెడ్తడు.