ధరణికోట డాబా మీద వేడి మోసే యంత్రం

మే నెల, మధ్యాహ్నం రెండు దాటింది. ధరణికోటలో ఓ ఇంటి డాబా మెట్లు ఎక్కుతున్నారు మీరు. ఇనుప కమ్మీ మీద చెయ్యి వేసి చురుక్కుమని వెనక్కి తీసుకున్నారు. పైకి చేరగానే కృష్ణ మీదుగా వచ్చే గాలి కూడా వడగాలే. మూలన కొత్త స్ప్లిట్ ఏసీ బిగించి నడిపి చూస్తున్న మెకానిక్, తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి మొహం తుడుచుకుంటున్నాడు. మీరు రాగి పైపు మీదకి వంగారు.

"ఆ పైపు పట్టుకోమాకండి మాస్టారూ, కాలుద్ది!"

అవుట్‌డోర్ యూనిట్ ముందుకెళ్లి నిలబడండి. ఫ్యాను విసిరే గాలికి లుంగీ కాళ్లకు అంటుకుపోతోంది. బయట ఎండ 44 డిగ్రీలుంటే ఈ గాలి అంతకంటే ఎక్కువ వేడి. ఈ వేడిలో ఎక్కువ భాగం కింది గదిలోంచి వచ్చిందే. ఒకటిన్నర టన్నుల ఏసీ గదిలోంచి లాగే వేడి సుమారు 5 కిలోవాట్లు. కంప్రెసర్ తిన్న కరెంటు దానికి తోడవుతుంది. రెండు కిలోవాట్ల గీజర్లు మూడింటిని వరసగా పెట్టి ఆన్ చేసినంత వేడి ఈ డాబా మీదికి వస్తోందన్నమాట. పక్కింటి కిటికీ ఎదురుగా యూనిట్ పెట్టించేవాళ్లు ఈ లెక్క ఒక్కసారి వేసుకోవాలి.

బోరు మోటారు నీళ్లను తయారు చేయదు, తోడిపోస్తుంది. ఏసీ కూడా వేడి విషయంలో అంతే. లోపల గ్యాస్ తక్కువ ఒత్తిడిలో మరిగి గది వేడిని పీల్చుకుంటుంది. కంప్రెసర్ దాన్ని నొక్కి ఎండకంటే వేడెక్కిస్తుంది. అప్పుడే ఆ వేడి బయటి గాలిలోకి దిగుతుంది. మరి తిరగేస్తే? బయటి వేడిని లోపలికి తోడొచ్చు. ఇల్లు ఇలా వెచ్చబెట్టవచ్చని, తర్వాత లార్డ్ కెల్విన్ అయిన విలియం థామ్సన్ 1852లోనే చెప్పాడు.

ఇప్పుడు ఇదే పెట్టె వెంట జనవరి రాత్రి నార్వేలోని ఆస్లోకి రండి. అక్కడ ఓ తెలుగువాళ్ల ఇంటి గోడకి, మంచు తగలనంత ఎత్తున, మీకు తెలిసిన ఆ యూనిటే వేలాడుతోంది. బయట మైనస్ 10. చెయ్యి పెట్టి చూడండి: ఫ్యాను గాలి మరింత చల్లగా ఉంది. లోపల అత్తగారు ధరణికోటనుంచి తెచ్చిన శాలువా తీసి సోఫా మీద పడేశారు, గది 21 డిగ్రీలు. మైనస్ 10లో వేడెక్కడిది? గాలిలో ఉంది. ఆర్-32 గ్యాస్ మామూలు వాతావరణ ఒత్తిడిలో మైనస్ 52 దగ్గర మరుగుతుంది. ఒత్తిడి సర్ది బయటి పైపుల్లో దాన్ని మైనస్ 18 దగ్గర మరగనిస్తే, మైనస్ 10 గాలి దానికి వేడిగానే ఉంటుంది, ఆ వేడి అటే పోతుంది. పని తిరగేసేది ఒక చిన్న నాలుగు దారుల వాల్వు.

ఒక్కసారిగా బయటి యూనిట్ నుంచి ఆవిరి లేచింది, నీళ్లు కారుతున్నాయి, గదిలో ఫ్యాను ఆగింది. కంగారు పడొద్దు. పైపుల మీద పేరుకున్న మంచును కరిగించుకోవడానికి యంత్రం కొన్ని నిమిషాలపాటు తిరగబడింది. కొత్తగా వెళ్లినవాళ్లు చాలామంది పాడైపోయిందనుకునేది ఇక్కడే.

కరెంటు తీగ ఎర్రగా మండే హీటర్ ఒక యూనిట్ కరెంటుకి ఒక యూనిట్ వేడే ఇస్తుంది. ఈ యంత్రం, అంటే హీట్ పంపు, ఓ మోస్తరు చలిలో మూడు నాలుగు యూనిట్ల వేడి తోడుతుంది. చలి ముదిరేకొద్దీ తగ్గుతుంది. నార్వేలో ఇప్పుడు సగానికి పైగా ఇళ్లలో హీట్ పంపులున్నాయి, ఎక్కువ భాగం గాలి నుంచి గాలికి వేడి తోడేవే. చలిదేశంలో ఇది ఆడదన్న మాట ఇక చెల్లదు.

ధరణికోటలో మాత్రం పుష్య మాసం తెల్లవారుజామున దుప్పటి చాలు. 'హాట్ అండ్ కోల్డ్' ఏసీకి ఇక్కడ అదనంగా డబ్బు పెట్టడం దండగ. ఆ డబ్బుతో డాబాకు తెల్ల పెయింటు వేయించండి, యూనిట్‌కి నీడ, చుట్టూ గాలి ఆడే జాగా చూడండి. లంబసింగిలోనో అరకులోనో గదులు అద్దెకిచ్చేవాళ్లయితే తప్పక ఆలోచించాలి.

పిల్లలు చలిదేశంలో ఇల్లు తీసుకుంటుంటే ఈ మాట చెప్పండి: ఎన్ని టన్నులని అడిగి ఊరుకోవద్దు, మైనస్ 15 దగ్గర ఎన్ని కిలోవాట్ల వేడి ఇస్తుందో కాగితం మీద చూపించమని అడగాలి.