వెన్న శాతం 6.7

2020 అక్టోబరు. కాలేజీ మూసి ఏడు నెలలు కావస్తోంది. నూజివీడు నుంచి ఆటోలో లోపలికి వస్తే మామిడితోటలు దాటాక మీ ఊరు. నువ్వు బీకాం రెండో సంవత్సరం. ఇంటర్లో సీఈసీ తీసుకుని లెక్కలకి దణ్ణం పెట్టేశావు. ఇప్పుడు మూడో సెమిస్టర్లో అవి బిజినెస్ స్టాటిస్టిక్స్ అని పేరు మార్చుకుని మళ్లీ గుమ్మంలోకి వచ్చాయి.

తొమ్మిదిన్నరకి క్లాసు. డాబా మెట్ల మీద, పైనుంచి రెండో మెట్టు నీది. ఒక మెట్టు దిగితే సార్ గొంతు ముక్కలు ముక్కలవుతుంది. ఒక మెట్టు ఎక్కితే ఎండ స్క్రీన్ మీద పడి ఏమీ కనబడదు. ఫోన్‌ని ఇటుకకి ఆనించి, ఇయర్‌ఫోన్స్‌లో పనిచేసే చెవిది పెట్టుకుని, వరసగా పడుతున్న రోల్ నంబర్ల కింద నీదీ కొట్టి ‘ప్రెజెంట్ సార్’ అంటావు.

సార్ వాళ్లింట్లో బోర్డు లేదు. రెండు పుస్తకాల దొంతరల మీద స్కేలు అడ్డంగా పెట్టి, దాని మీద ఫోన్ బోర్లించినట్టున్నారు. నీకు కనబడేదల్లా ఒక తెల్లకాగితం, నీలం స్కెచ్ పెన్, వాచీ కట్టుకున్న చెయ్యి. ఆ చెయ్యి అంకె రాసిన ప్రతిసారీ అంతకుముందు రాసిన అంకెని కప్పేస్తుంది. వెనక వంటింట్లో కుక్కర్ కూత వేస్తే సార్ ఒక్క క్షణం ఆగి మళ్లీ అందుకుంటారు. ఎవరిదో మైక్ తెరిచి ఉంది. వాళ్ల వీధిలో ఉల్లిపాయల బండివాడు క్లాసంతటికీ ధర చెప్పేస్తున్నాడు.

“మ్యూట్ చేసుకోండమ్మా.”

కాగితం మీద అయిదు అంకెలు. 4, 7, 5, 9, 10. కూడితే 35, సగటు 7. పక్క నిలువు వరసలో ఒక్కో అంకెలోంచి 7 తీసేస్తారు. మైనస్ 3, 0, మైనస్ 2, 2, 3.

“ఇప్పుడు వీటిని కూడండి.”

నువ్వు కూడతావు. సున్నా.

“ఏ అంకెలైనా తీసుకోండి. సగటు నుంచి ఎంత ఎడంగా ఉన్నాయో రాసి కూడితే ఎప్పుడూ సున్నానే. పైకి పోయినదీ కిందికి పోయినదీ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అందుకే వర్గం చేస్తాం, మైనస్‌లు పోవడానికి.”

9, 0, 4, 4, 9. మొత్తం 26. దాన్ని దేంతో భాగించాలి? అయిదుతో అంటుంది పాఠ్యపుస్తకం. అన్నయ్య ఇంజనీరింగ్ నాటి క్యాల్క్యులేటర్ నీ ఒళ్లో ఉంది. అందులో చూస్తే రెండు సిగ్మాలున్నాయి, ఒకటి ఎన్‌ది, ఒకటి ఎన్ మైనస్ వన్‌ది. సార్‌కి ఈ సంగతి తెలిసినట్టే ఉంది.

“మీ చేతిలో ఉన్నది మొత్తం సరుకైతే అయిదుతో భాగించండి. మచ్చుకి తీసుకున్నదైతే నాలుగుతో. ఎందుకో చెప్తా. తేడాలన్నీ కూడితే సున్నా రావాలి కదా. నాలుగు తేడాలు చెబితే అయిదోది నేను చూడకుండా చెప్పేస్తాను. దానికి సొంత బుద్ధి లేదు. సొంత బుద్ధి ఉన్నవి నాలుగే.”

చెయ్యి ఆగింది. “డౌట్స్ ఉన్నాయా?”

అరవై నల్ల గళ్లు. ఒక్కో గడిలో ఒక్కో అక్షరం. ఎవరూ మాట్లాడరు. ఆన్‌లైన్‌లో పాఠం బాగానే చేరుతుంది. తర్వాత రికార్డింగ్ వెనక్కి జరుపుకుని మళ్లీ వినొచ్చు కూడా. పోయేది ఎదురుప్రశ్న. క్లాసులోనైతే చివరి బెంచీలో ఎవడో గొణుగుతాడు, సార్ “ఏంట్రా?” అంటారు, అక్కడినుంచి అసలు పాఠం మొదలవుతుంది. ఇక్కడ గొణగాలన్నా బటన్ నొక్కాలి. అరవైమంది ముందు నీ పేరు వెలగాలి.

సార్ కాగితం తిప్పేశారు. “సరే, ఒక కబురు చెప్తాను. సిలబస్‌లో లేదు, రాసుకోకండి” అన్నారు. నువ్వు రాసుకుంటున్నావు.

సి.ఆర్. రావుగారి కబురు. పూర్తి పేరు కల్యంపూడి రాధాకృష్ణారావు. 1920 సెప్టెంబరు 10న హడగలిలో పుట్టారు, అంటే కిందటి నెలతో నూరేళ్లు నిండాయి, అమెరికాలో ఉన్నారు. గూడూరులో, నూజివీడులో, నందిగామలో, విశాఖపట్నంలో చదువుకున్నారు. నూజివీడు పేరు వినగానే నువ్వు ఇయర్‌ఫోన్ సరిగ్గా దూర్చుకుంటావు. చిన్నప్పుడు వాళ్లమ్మగారు తెల్లవారుజామున నాలుగింటికి లేపి, నూనెదీపం వెలిగించి చదువుకు కూర్చోబెట్టేవారట. ఒక పుస్తకాన్ని ఆ మాట రాసి మరీ ఆవిడకి అంకితమిచ్చారు. ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల ఎమ్మే చేసి, ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్లి, మహలనోబిస్ పెట్టిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు.

“అక్కడ పాఠం చెప్తుంటే ఒక విద్యార్థి లేచి అడిగాడు. పెద్ద శాంపిల్‌తో కట్టే అంచనాలకి ఫిషర్ అనే పండితుడు చెప్పిన సూత్రం ఉంది, చిన్న శాంపిల్‌కి సంగతేమిటని. రావుగారి దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి కూర్చుని తేల్చారు. 1945లో వేసిన పేపర్లో అది ఉంది. ఇవాళ ప్రపంచమంతా క్రామర్-రావ్ బౌండ్ అని చదువుతుంది. అప్పటికి ఆయనకి పాతికేళ్లు.” కాసేపు ఊరుకుని అన్నారు, “ఆ అడిగినవాడు మ్యూట్‌లో లేడు.”

చాట్‌లో నవ్వు బొమ్మలు పడ్డాయి.

“అసైన్‌మెంట్. పుస్తకంలో అంకెలు వద్దు, అవి నాలాంటివాడు కూర్చుని కల్పించినవే. మీ ఇంట్లో దొరికే పది అంకెలు తెండి. సగటు, స్టాండర్డ్ డీవియేషన్ కట్టి, కింద ఒక్క వాక్యం రాయండి, ఈ అంకెలు ఏం చెప్తున్నాయో.”

నలభై నిమిషాలయ్యాయి. మీటింగ్ ఫ్రీది, దానంతటదే తెగిపోయింది.

సాయంత్రం నాలుగు. అమ్మ గేదె దగ్గర కూర్చుంది. దూడని రెండు గుక్కలు తాగనిచ్చి పక్కకి లాగింది. గేదె చేపింది. సత్తు చెంబులో ధార మొదట గట్టిగా మోగి, నురగ పట్టేకొద్దీ మెత్తబడుతుంది. నువ్వు క్యాన్ పట్టుకుని పాల కేంద్రానికి నడుస్తావు. గుమ్మం ముందు సున్నంతో గీసిన గుండ్రాలు వానకి సగం చెరిగిపోయాయి, అయినా అందరూ వాటిలోనే నిలబడుతున్నారు. మాస్కులు మాత్రం గడ్డాల కిందే.

నీ వంతు. కేంద్రం ఆయన మూత తీసి, గరిటె అడుగుదాకా దించి, పైకీ కిందికీ నాలుగైదుసార్లు కలియబెడతాడు. అప్పుడు గానీ చిన్న సీసాలోకి కాసిని పాలు తీయడు. రోజూ చూసేదే. ఇవాళ మాత్రం అడుగుతావు.

“ఎందుకు బాబాయ్ అంత కలుపుతారు?”

“పైన మీగడ తేలుద్ది కదమ్మా. పైపైన తీస్తే మీ అమ్మకి లాభం, అడుగున తీస్తే డైరీకి లాభం. కలిపి తీస్తే ఎవరికీ తగువుండదు.”

శాంపిల్ గురించి సార్ పంపిన పీడీఎఫ్‌లో మూడు పేజీలున్నాయి. ఈయన రెండు ముక్కల్లో తేల్చేశాడు. ఆ సీసాడు పాలు క్యాన్ మొత్తానికి ధర కడతాయి. అవి క్యాన్ అంతటి తరఫునా మాట్లాడాలంటే ముందు కలపాలి. మిషన్ కుయ్‌మంది. ఎర్ర అంకెలు వెలిగాయి, వెన్న 7.3. స్లిప్పు చింపి నీ చేతిలో పెట్టాడు.

ఇంట్లో మేకుకి గుచ్చిన స్లిప్పులు బొత్తిగా వేలాడుతున్నాయి. అయిదు రోజులవి తీస్తావు, పూటకొకటి, పది. సరిగ్గా పది.

పొద్దుటివి 6.2, 6.0, 6.4, 6.1, 6.3. సాయంత్రంవి 7.1, 7.4, 6.9, 7.3, 7.3.

రాత్రి భోజనాలయ్యాక లైటు కింద కూర్చుని పదీ క్యాల్క్యులేటర్లో కొడతావు. మొత్తం 67. సగటు 6.7. ఇవి మచ్చు కాబట్టి తొమ్మిదితో భాగించి వర్గమూలం తీస్తే స్టాండర్డ్ డీవియేషన్ 0.55. కింద ఒక వాక్యం రాయాలి కదా. ‘మా గేదె పాలలో వెన్న శాతం సుమారుగా 6.7 ఉంటుంది’ అని రాస్తావు. ముచ్చటగా ఉంది. పైకి చదువుతావు.

కంచాలు కడిగి చేతులు తుడుచుకుంటూ అమ్మ ఆగింది.

“ఆరు పాయింటు ఏడా? అదెప్పుడొచ్చిందే మనకి?”

“సగటమ్మా.”

“సగటో గిగటో. పొద్దున ఆరూ చిల్లర, సాయంత్రం ఏడు. రాత్రంతా పొదుగులో ఉంటాయి కదా, పొద్దున పాలెక్కువ, వెన్న తక్కువ. నువ్వు రాసిన పాలు మన గేదె ఏ పూటా ఇవ్వలేదు.”

చెప్పి పడుకోడానికి వెళ్లిపోయింది. నాలుగింటికి లేవాలి మరి.

నువ్వు స్లిప్పులు మళ్లీ చూస్తావు. ఒక గీత గీసి, 6.0 నుంచి 7.5 దాకా గుర్తులు పెట్టి, ఒక్కో అంకెకి ఒక్కో చుక్క పెడతావు. ఎడమవైపు అయిదు చుక్కలు ఒక గుంపు, కుడివైపు అయిదు ఒక గుంపు. 6.4కీ 6.9కీ నడుమ ఒక్కటీ లేదు. నీ 6.7 ఆ ఖాళీలో ఒంటరిగా నిలబడి ఉంది. పూట పూటకీ విడదీసి మళ్లీ కడతావు. పొద్దుటి సగటు 6.2, డీవియేషన్ 0.16. సాయంత్రం సగటు 7.2, డీవియేషన్ 0.2. ఇందాక వచ్చిన 0.55 మీ గేదె నిలకడలేనితనం కానే కాదు. రెండు పూటల్ని ఒకే క్యాన్‌లో పోసినందుకు వచ్చిన అంకె. పాలు కలపాలి, పూటలు కలపకూడదా?

మర్నాడు రెండో మెట్టు. సార్ చెయ్యి, నీలం పెన్. “అసైన్‌మెంట్లు చూశాను. బాగానే చేశారు. డౌట్స్ ఉన్నాయా?”

మైక్ గుర్తు మీద బొటనవేలు కాసేపు ఆడుతుంది. నొక్కేస్తావు.

“సార్, పూటలు కలిపి సగటు కట్టొచ్చా?”

“ఎవరమ్మా?”

రోల్ నంబర్ చెప్తావు. స్లిప్పుల సంగతి చెప్తావు. మీ అమ్మ అన్న మాట మటుకు కొంచెం మర్యాదగా మార్చి చెప్తావు. మైక్‌లోంచి మీ పుంజు కూడా ఒక మాట కలిపింది.

“మైక్ ఆపకు. అంకెలు చదువు.”

చదువుతావు. చెయ్యి రాస్తుంది. రెండు వరసలు పక్కపక్కన. రోజుకి రోజు తీసేస్తే తేడాలు 0.9, 1.4, 0.5, 1.2, 1.0.

“అయిదు రోజులూ సాయంత్రమే ఎక్కువ. పూటకీ వెన్నకీ సంబంధం లేదనుకుందాం, బొమ్మా బొరుసూ లాగా. అయిదుసార్లూ బొమ్మే పడాలంటే?”

చాట్‌లో ఎవరో కొట్టారు, 32లో 1.

“అంతే. వందలో మూడుకి కాస్త ఎక్కువ. ఊరికే పడిందని సరిపెట్టుకోవడం కష్టం.”

“అయిదు రోజులేగా సార్, చాలుద్దా?” మగగొంతు. ఇన్నాళ్లలో ఆ గొంతు క్లాసులో వినడం ఇదే మొదలు.

సార్ నవ్వారు. ఇదే ప్రశ్న డబ్లిన్‌లో ఒక బీరు కంపెనీలో పుట్టింది అన్నారు. గిన్నెస్‌లో పనిచేసే గాసెట్ అనే ఆయనకి దొరికేవన్నీ చిన్న శాంపిళ్లే. అయిదారు అంకెలతో ఎంతవరకు నమ్మొచ్చో లెక్క కట్టి 1908లో అచ్చు వేశాడు, సొంత పేరు పెట్టకుండా ‘స్టూడెంట్’ అని. ఇప్పటికీ ఆ లెక్కకి సంబంధించిన పట్టిక అదే పేరుతో పుస్తకం వెనకాల ఉంది. మీ సెమిస్టర్‌కి రాదు, భయపడకండి.

“ఇంకోటమ్మా. పొద్దున ఎన్ని లీటర్లు?”

“నాలుగు సార్. సాయంత్రం రెండున్నర. ఓ గ్లాసు అటూ ఇటూ.”

చెయ్యి గబగబా రాస్తోంది. నాలుగు ఇంటూ 6.2, 24.8. రెండున్నర ఇంటూ 7.2, 18. మొత్తం 42.8. ఆరున్నర లీటర్లతో భాగిస్తే 6.58.

“రోజు మొత్తానికి ఒకే అంకె కావాలంటే ఇది. పొద్దుటి పాలు ఎక్కువ కాబట్టి సగటు అటువైపు ఒరిగింది. నువ్వు రెండు పూటలకీ సమానంగా ఓటు వేశావు, లీటర్లు ఒప్పుకోవు. దీన్నే వెయిటెడ్ మీన్ అంటారు. వచ్చేవారం చెప్పాల్సిన పాఠం, ఇవాళే అయిపోయింది.”

స్క్రీన్ మూలన గడువు లెక్క మొదలైంది. ఇంకా నాలుగు నిమిషాలే. చాట్ మాత్రం ఆగట్లేదు. ఒకమ్మాయి వాళ్ల నాన్న ఆటో రోజువారీ కిరాయి రాసిందట, ఆదివారాలు విడదీయాలా అని అడుగుతోంది. ఇంకొకరు కరెంటు బిల్లులు తెచ్చారు, ఎండాకాలంవీ వానాకాలంవీ ఒకే కుప్ప.

“కొత్త లింక్ పెడుతున్నా, అందరూ మళ్లీ రండి” అంటున్నారు సార్. ఇందాకటి మగగొంతు మైక్ ఇంకా ఆపినట్టు లేదు.

“సార్, మాది ఆవు సార్. మావీ చదవమంటారా?”