థెరపిస్టు పొరపాటుకు పరిహారం ఎవరు కట్టాలి?

1767లో లండన్ కోర్టులో ఒక కాలు కేసు నడిచింది. విరిగిన ఎముక అతుక్కుంటోంది, కట్టు విప్పించుకుందామని వెళ్లాడు రోగి. బేకర్ అనే సర్జన్, స్టేపుల్టన్ అనే మందుల తయారీదారు ఆ కాలును మళ్లీ విరిచి, పళ్లున్న ఉక్కు పరికరం ఒకటి బిగించారు. రోగి ఒప్పుకోలేదు, అయినా ఆగలేదు. జ్యూరీ 500 పౌండ్ల పరిహారం విధించింది. అలాంటప్పుడు వైద్యుడి తరఫున నిలబడే సంఘం రావడానికి మరో నూరేళ్లకు పైగా పట్టింది. మెడికల్ డిఫెన్స్ యూనియన్ ఇంగ్లండులో మొదలైంది 1885లో.

అప్పటికి ఆక్యుపేషనల్ థెరపీ అనే వృత్తే లేదు. పక్షవాతం వచ్చిన మనిషికి బొత్తాం పెట్టుకోవడం, అన్నం కలుపుకోవడం, కుర్చీలోంచి లేవడం మళ్లీ నేర్పే ఈ పనికి 1917 మార్చిలో న్యూయార్క్ రాష్ట్రంలోని క్లిఫ్టన్ స్ప్రింగ్స్‌లో ఒక సంఘం ఏర్పడింది. జార్జ్ బార్టన్, విలియం డంటన్, ఎలినార్ క్లార్క్ స్లేగిల్ దాని వ్యవస్థాపకుల్లో ఉన్నారు. మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడ్డ సైనికులు ఈ వృత్తికి తొలినాళ్ల పని కల్పించారు. థెరపిస్టులు డాక్టరు చెప్పినట్టు, ఆస్పత్రి జీతం మీద చేసేవారు. తప్పు జరిగితే వేలు డాక్టరు వైపే తిరిగేది. ఇక ఆస్పత్రి మీద దావా వేద్దామంటే, ధర్మసంస్థలు పరిహారం కట్టనక్కర్లేదన్న పాత న్యాయసూత్రం అడ్డొచ్చేది.

ఆ గోడ కూలిన తీర్పుల్లో నాకు ముఖ్యంగా కనిపించేది 1957 నాటి న్యూయార్క్ తీర్పు, బింగ్ వర్సెస్ థూనిగ్. ఆపరేషన్‌కు ముందు రోగి ఒంటికి ఆల్కహాలు కలిసిన మందు పూశారు. అది కారి కింది దుప్పటి తడిసింది. దాన్ని నర్సులు మార్చలేదు. డాక్టరు విద్యుత్ పరికరం వాడగానే నిప్పంటుకుని రోగికి ఒళ్లు కాలింది. నర్సుల నిర్లక్ష్యానికి ఆస్పత్రి జవాబు చెప్పాల్సిందేనని కోర్టు తేల్చింది. డాక్టరు కాని సిబ్బంది చేతి తప్పుకూ లెక్క ఉంటుందని అర్థమైంది ఇక్కడే. థెరపిస్టు కరిగిన మైనంలో ముంచిన చేయి కాలినా, బిగుతైన స్ప్లింట్ కింద పుండు పడినా, మంచం నుంచి చక్రాల కుర్చీలోకి మారుస్తుండగా రోగి జారిపడినా ఇదే లెక్క.

1975లో రెండు మార్పులు ఒక్కసారే వచ్చాయి. ఫ్లోరిడా, న్యూయార్క్ రాష్ట్రాలు ఆక్యుపేషనల్ థెరపిస్టులకు లైసెన్సు చట్టాలు చేశాయి. సొంత పేరుతో లైసెన్సు వచ్చిందంటే తప్పుకు సొంత పేరుతో జవాబుదారీ కూడా వచ్చినట్టే. సరిగ్గా అప్పుడే అమెరికాలో, వైద్యుల పొరపాట్లకు పరిహారం చెల్లించే బీమాలో సంక్షోభం ముదిరింది. ప్రీమియంలు పెరిగాయి, కొన్ని కంపెనీలు ఈ వ్యాపారం నుంచే తప్పుకున్నాయి. నొప్పికి, మనోవేదనకు ఇచ్చే పరిహారం 2,50,000 డాలర్లు దాటకూడదని కాలిఫోర్నియా చట్టం చేసింది. బీమా పద్ధతీ మారింది. అంతకుముందు చికిత్స జరిగిన ఏడాది పాలసీయే ఎప్పటికైనా వర్తించేది. పిల్లవాడికి జరిగిన హాని మీద పదిహేనేళ్ల తర్వాత దావా పడితే కంపెనీ అప్పుడూ కట్టాల్సిందే. ఆ భారం తగ్గించుకోవడానికి, దావా పడిన నాడు పాలసీ నడుస్తుంటేనే చెల్లించే పద్ధతి వాడుకలోకి వచ్చింది. ఉద్యోగం మానేసిన, రిటైరైన థెరపిస్టు పాత కేసుల కోసం విడిగా అదనపు రక్షణ కొనుక్కోవలసి వచ్చింది. ఇది తెలియక పాలసీ ఆపేసినవాళ్లే ఎక్కువ నష్టపోతారు.

1987 నుంచి అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ ఈ థెరపిస్టుల ఔట్ పేషెంట్ సేవలకూ చెల్లించడంతో సొంత క్లినిక్కులకు, ఇంటికెళ్లి చేసే వైద్యానికి దారి తెరుచుకుంది. ఒక్కో దావాకు 10 లక్షల డాలర్లు, ఏడాదికి మొత్తం 30 లక్షలు అన్న పరిమితి అమెరికా థెరపిస్టుల పాలసీల్లో మామూలైపోయింది. బ్రిటన్ ఇంకో అడుగు వేసింది. 2014 జులై నుంచి అక్కడ పరిహార రక్షణ లేకుండా థెరపిస్టుగా రిజిస్ట్రేషన్‌లో కొనసాగడం కుదరదు.

మన దేశంలో ఈ విద్యకు బీజం వేసింది కమలా నింబ్కర్, 1950లో, బొంబాయి కె.ఇ.ఎం. ఆస్పత్రిలో. ఆమె అమెరికాలో పుట్టి ఇక్కడికి కోడలిగా వచ్చారు. వృత్తి పెరిగింది గాని బాధ్యత గురించిన ఆలోచన చాలాకాలం రాలేదు. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది 1995లో, వి.పి. శాంత కేసులో. డాక్టర్లు బీమా గురించి గట్టిగా ఆలోచించింది ఆ తర్వాతే.

హైదరాబాద్ నిమ్స్ ఆస్పత్రి కేసు ఇక్కడ తప్పక చెప్పుకోవాలి. 1990లో కణితి ఆపరేషన్ తర్వాత 20 ఏళ్ల ఇంజనీరింగ్ విద్యార్థికి నడుము కింద భాగం చచ్చుబడింది. అతను ఒప్పుకున్నది పరీక్ష కోసం ముక్క తీయడానికే. చక్రాల కుర్చీలోంచే తన కేసు తానే వాదించుకున్నాడు. 2009లో సుప్రీంకోర్టు కోటి రూపాయలు ఇమ్మంది. ఆ మొత్తంలో నర్సింగుకు, ఫిజియోథెరపీకి అయ్యే ఖర్చు కూడా ఉంది. బాధితుడికి జీవితాంతం కావలసిన థెరపీ ఖర్చు అసలు పరిహారం నుంచే రావాలన్నమాట. నెల జీతం మీద బతికే థెరపిస్టు మీద ఇలాంటి తీర్పు పడి, వెనక బీమా లేకపోతే, గెలిచిన రోగి చేతికి కాగితమే మిగులుతుంది. అందుకే ఈ బీమాను థెరపిస్టుకు రక్షణగా మాత్రమే చూడటం నాకు నచ్చదు.

2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఆక్యుపేషనల్ థెరపిస్టులకూ జాతీయ కమిషన్, రాష్ట్ర మండళ్లు, రిజిస్టరు ఏర్పాటు చేసింది. ఆ రిజిస్టరులో పేరు ఎక్కాలంటే చెల్లుబాటులో ఉన్న బీమా చూపాలన్న షరతు పెట్టాలి. ఆస్పత్రి పాలసీ తమకు ఎంతవరకు వర్తిస్తుందో, సాయంత్రాలు ఇళ్లకు వెళ్లి చేసే పనికీ వీడియోలో చెప్పే వ్యాయామాలకూ వర్తిస్తుందో లేదో థెరపిస్టులు ఈలోగా రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.