కుండీ మొక్కకు ఆకే అద్దం
పసుపు రంగును బట్టి కారణం గుర్తించవచ్చు

సూర్యాపేట: మిద్దెపై పెంచుకుంటున్న కరివేపాకు, నిమ్మ, మందార, గులాబీ మొక్కల ఆకులు పసుపుబారగానే పలువురు పురుగుమందుల దుకాణానికి వెళుతుంటారు. కుండీ మొక్కల ఇబ్బందులు అన్నీ పురుగు వల్ల వచ్చేవి కావు. నీరు, మట్టి కూడా కారణమవుతాయి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల్లో బోరునీటితో మొక్కలు పెంచేవారు ఈ తేడాను తెలుసుకోవడం అవసరం.

ముదురాకా? చిగురాకా?

నత్రజని, మెగ్నీషియం, పొటాష్‌లను మొక్క ముదురాకుల నుంచి చిగుళ్లకు తరలించుకోగలదు. అందువల్ల వీటి లోపం కింది ఆకుల్లో ముందుగా బయటపడుతుంది. ఇనుము అలా తరలదు కాబట్టి దాని లోపం చిగురాకుల్లో కనిపిస్తుంది.

* కింది ఆకులు పూర్తిగా పసుపుబారి ఎదుగుదల తగ్గితే నత్రజని లోపం. మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు వేయాలి.
* చిగురాకుల్లో ఈనెలు ఆకుపచ్చగా ఉండి మధ్య భాగం పాలిపోతే ఇనుము లోపం. లీటరు నీటికి అన్నభేది 5 గ్రాములు, నిమ్మ ఉప్పు 1 గ్రాము కలిపి సాయంత్రం వేళ పిచికారీ చేయాలి.
* నిమ్మ, బత్తాయిల్లో ఆకులు చిన్నవై ఈనెల మధ్య పసుపు మచ్చలు వస్తే జింకు లోపంగా అనుమానించాలి.
* కుండీ మట్టి తడిగా ఉన్నా ఆకులు వాడి రాలుతుంటే వేరుకుళ్లు కావచ్చు. రెండంగుళాల లోతున వేలితో చూసి, తడి లేకుంటేనే నీరు పోయాలి. అడుగు రంధ్రం మూసుకుపోకుండా చూడాలి.

నీటితోనే చిక్కు

ఉమ్మడి నల్గొండ జిల్లా భూగర్భ జలాల్లోని ఫ్లోరైడ్ సమస్య దేశమంతటికీ తెలిసిందే. పటిక, సున్నంతో నీటిని శుద్ధి చేసే విధానానికి 'నల్గొండ టెక్నిక్' అనే పేరు వచ్చింది ఈ జిల్లా వల్లనే. ఫ్లోరైడ్ నీటికి డ్రసీనా, స్పైడర్ ప్లాంట్ వంటి అలంకరణ మొక్కల ఆకుల కొనలు మాడతాయి. సున్నం, బైకార్బొనేట్లు ఎక్కువగా ఉన్న నీరు పోస్తే మట్టిలో ఇనుము ఉన్నా మొక్కకు అందదు. అప్పుడు ఎరువు ఎంత వేసినా చిగురు పచ్చబడదు.

ఇంటి ఆర్‌వో యంత్రం వదిలే నీటిని వృథా కాకూడదని కుండీల్లో పోయడం మరో పొరపాటు. అందులో లవణాలు మరింత చిక్కబడి ఉంటాయి. కుండీ అంచున తెల్లని పొర, ఆకుల అంచున మాడు కనిపిస్తే లవణాలు పేరుకున్నట్లే. అడుగు రంధ్రం నుంచి బయటకు పోయేలా రెండు మూడు సార్లు మంచినీరు ధారాళంగా పోయాలి. వాన నీరు నిల్వచేసి వాడటం అన్నింటికన్నా మేలు.

పురుగైతే ఆనవాలు వేరు

ఆకు అడుగున పేనుబంక, తెల్లని పిండినల్లి, బంక, దానిపై నల్లని మసి కనిపిస్తే అది రసంపీల్చు పురుగుల పని. నిమ్మ లేతాకుల్లో వెండిరంగు వంకర గీతలు ఆకుతొలుచు పురుగువి. నిమ్మ, కరివేపాకులపై పక్షి రెట్టను పోలి ఉండేది సీతాకోకచిలుక గొంగళి. దానిని చేతితో ఏరివేస్తే సరిపోతుంది. రసంపీల్చు పురుగులను నీటి ధారతో కడిగి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీరు కలిపి చల్లాలి.

పొలానికి తెచ్చిన మందు మిగిలిందని కరివేపాకు, తులసిపై చల్లడం ప్రమాదకరం. ఆ ఆకు నేరుగా వంటింటికి చేరుతుంది. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయలపై వాడరాదని కేంద్ర ప్రభుత్వం 2005లోనే నిషేధించింది.

కారణం అంతుపట్టకుంటే తెగులు సోకిన కొమ్మను, పోస్తున్న నీటి నమూనాను వెంట తీసుకుని గడ్డిపల్లి లేదా కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తలను సంప్రదించడం మంచిది.