తిమింగలాల పాట, మనవాళ్ల లెక్కలు

ఎం.ఏ. తరగతిలో ఒకనాడు జానపద గేయాల్లో పల్లవి గురించి చెబుతూ, నోటిపాట తరతరాలు నిలవడానికి పునరుక్తే ఆధారమన్నాను. వెనక బల్లనుంచి ఒక విద్యార్థి లేచి, "తిమింగలాల పాటలో కూడా పునరుక్తి వుందంటారు, నిజమేనాండీ?" అని అడిగాడు. జవాబు చెప్పలేక, తరువాత చదివాను. చదివినకొద్దీ వ్యవహారం పల్లవితో తేలేది కాదని అర్థమైంది.

1940ల చివర్లో విలియం షెవిల్, బార్బరా లారెన్స్ అనే యిద్దరు శాస్త్రజ్ఞులు కెనడాలోని సాగెనే నదిలో తెల్ల తిమింగలాల గొంతు రికార్డు చేశారు. అయితే యీ విద్య యెదిగింది చాలావరకు యుద్ధం నీడలోనే. సోవియట్ జలాంతర్గాముల చప్పుడు పట్టుకోడానికి అమెరికా నౌకాదళం సముద్రగర్భంలో చెవులు పరిచింది. వాటిలో 20 సైకిళ్ల మంద్రధ్వని ఒకటి పదేపదే వినబడింది. అది శత్రువు పన్నాగమేమోనన్న అనుమానమూ కలిగింది. తీరా చూస్తే ఫిన్ తిమింగలం! భయపడ్డవాడికి ప్రతి చప్పుడూ శత్రువే గదా.

బెర్ముడాలో ఆ నౌకాదళానికి పనిచేసిన ఇంజనీరు ఫ్రాంక్ వాట్లింగ్టన్‌కు 1950లలో గూని తిమింగలాల గొంతు చిక్కింది. వేటగాళ్లకు తెలిస్తే యీ పాటనే ఆనవాలుగా వాడుకుంటారని ఆ టేపులు దాచిపెట్టాడు. 1967లో వాటిని రోజర్ పేన్, కేటీ పేన్ దంపతులకు ఇచ్చాడు. ధ్వనిని గీతలుగా మార్చిన కాగితాల్లో అదే వరస మళ్లీ మళ్లీ రావడం పసిగట్టింది హెల్లా మెక్‌వే. 1971లో సైన్స్ పత్రికలో వ్యాసం వెలువడింది. దాని కింద వున్న పేర్లు మాత్రం రోజర్ పేన్‌వీ, ఆమె భర్త స్కాట్ మెక్‌వేవీ. (సాహిత్య చరిత్రల్లో మాత్రం మనం చేసిందేమిటి?)

ఆ పాట కట్టుబడి చూస్తే నాబోటి తెలుగు మాస్టరుకు ముచ్చటేస్తుంది. ధ్వనులు కలిసి చరణఖండం, అదే పదేపదే వచ్చి ఒక ఘట్టం, ఘట్టాలు వరసతప్పక పేర్చితే పాట. అరగంట దాకా సాగి మళ్లీ మొదటికొస్తుంది. పాడేవి మగవి. ఒక సముద్రప్రాంతంలోవన్నీ ఒకే పాట పాడతాయి. కాలం గడిచేకొద్దీ అన్నీ కలిసే దాన్ని మారుస్తాయి. దీన్ని భాష అనడానికి నేను సాహసించను. సమష్టి సంప్రదాయం అనడానికి సంకోచించను.

ఇక మింగుడుపడని సంగతి. తిమింగలాలను ఊచకోత కోసింది లాభాపేక్షేనని మనం సులువుగా చెబుతాం. నార్వే, బ్రిటన్ కంపెనీల విషయంలో అది నిజం. కాని 1948–73 మధ్య సోవియట్ నౌకలు దక్షిణార్ధగోళంలో చంపిన గూని తిమింగలాలు 48 వేలకు పైన. అంతర్జాతీయ సంఘానికి చూపిన లెక్క 2,710. అక్కడ వాటాదారుడు లేడు, లాభం లేదు. ప్రణాళిక లక్ష్యం వుంది, లక్ష్యం దాటితే బోనస్ వుంది. టన్నులే కొలమానం, ఆ మాంసంలో చాలా భాగం వృథా అయింది. 1993లో యీ గుట్టు బయటపెట్టినవాడు అలెక్సీ యాబ్లకోవ్ అనే రష్యన్ శాస్త్రజ్ఞుడు. అసలు లెక్కల కాగితాలను ద్మిత్రి తొర్మొసోవ్ బంగాళాదుంపల కొట్లో దాచి కాపాడాడు. ప్రణాళిక అనే మాట మనకెంత ప్రియమైనదైనా, యీ లెక్క మన లెక్క కాదని తప్పుకోవడం నాకు చేతకాలేదు.

వేటలో మిక్కిలి ఘోరం 1959–61లో జరిగింది: రెండు రుతువుల్లో దాదాపు 25 వేలు. ఆస్ట్రేలియా తూర్పుతీరానికి వచ్చే మందలు దానితోనే కుప్పకూలాయి. అక్కడి తీరకేంద్రాలూ తక్కువ తినలేదు. పట్టడానికి తిమింగలం దొరక్క 1962లో మూతబడ్డాయి.

అదే తీరాన 1996లో 82 గాయకులను రికార్డు చేశారు. వాటిలో రెండు మాత్రం వేరే పాట పాడుతున్నాయి: పడమటి తీరం పాట, హిందూ మహాసముద్రంలోది. 1998 నాటికి తూర్పుతీరం యావత్తూ తన పాట వదిలి దాన్నే అందుకుంది. 2000లో ఆ సంగతి నేచర్ పత్రికలో ప్రకటించినవారు దానికి "సాంస్కృతిక విప్లవం" అని పేరు పెట్టారు. ఈ మాట చెప్పినప్పుడు మా విద్యార్థి నవ్వాడు. లెక్కలు చెప్పినప్పుడు మాత్రం నోట్సు రాసుకున్నాడు.